పేరు మనది, దస్తరం ఎవరిది?

దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 నాటికి తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాల కిందికి తెచ్చుకోవాలని రిజర్వు బ్యాంకు గడువు విధించింది. ఆ మార్పు జరిగిన నాటి నుంచి, అలవాటైన పాత చిరునామాను టైపు చేసి ఎంటర్ నొక్కిన ఖాతాదారుకు బ్రౌజర్ పై పట్టీలో ఒక చిన్న వింత కనిపిస్తుంది: టైపు చేసిన అక్షరాలు రెప్పపాటు నిలిచి, వాటంతట అవే చెరిగిపోయి, ఆ చోట కొత్త చిరునామా వచ్చి కూర్చుంటుంది, కింద మాత్రం అదే గుర్తు, అదే రంగు, అదే లాగిన్ పెట్టె. ఇదేదో మోసగాళ్ల సైటేమోనని ఒక్క క్షణం గుండె జారడం సహజమే గానీ, అసలు బ్యాంకు పేరును పోలిన పేర్లతో నకిలీ సైట్లు తెరిచి జనం సొమ్ము కాజేసే ఆ మోసగాళ్లను అడ్డుకోవడానికే ఈ ఏర్పాటు జరిగింది.

చర్చంతా చిరునామా చివరి అక్షరాల చుట్టూ నడిచింది. అంతకన్నా లోతైన నిబంధన ఒకటి 2025 ఏప్రిల్ 22 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌లో ఉంది: ఈ పేర్లను ఏ బ్యాంకూ తనకు నచ్చిన కంపెనీ దగ్గర తీసుకోవడానికి వీల్లేదు, 1996లో రిజర్వు బ్యాంకే హైదరాబాదులో నెలకొల్పిన, మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే వాటిని నమోదు చేస్తుంది. అంటే, పేరు ఏమిటన్నది ఎంత ముఖ్యమో, ఆ పేరు ఎవరి పుస్తకంలో రాసి ఉన్నదన్నదీ అంతే ముఖ్యమని దేశంలోని అత్యున్నత బ్యాంకు అంగీకరించినట్టయింది. విజయవాడలోని చీరల దుకాణానికీ, కరీంనగర్‌లోని నర్సింగ్ హోముకూ, డాలస్‌లోని తెలుగు సంఘానికీ ఇలా ఆలోచించి పెట్టే పెద్దదిక్కు లేదు. ఏ ప్రకటనలో ధర తక్కువ కనిపిస్తే అక్కడ, లేదా వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రాడికి ఎక్కడ ఖాతా ఉంటే అక్కడ, వారి పేర్లు నమోదవుతాయి. ఆ నమోదు చేసిన కంపెనీ నమ్మదగినది కాదని తెలిసేసరికి సాధారణంగా ఆలస్యమైపోయి ఉంటుంది.

కొనుగోలు కాదు, కౌలు

వాడుకలో 'డొమైన్ కొన్నాం' అంటారు గానీ, డొమైన్ పేరు కొనుక్కుని బీరువాలో దాచుకునే వస్తువు కాదు; ఏడాది మొదలుకొని గరిష్ఠంగా పదేళ్ల వరకు, డబ్బు కట్టి వాడుకునే కౌలు వంటిది. ఈ కౌలు వ్యవహారంలో నలుగురు పాత్రధారులుంటారు. డాట్ కామ్, డాట్ ఇన్ వంటి ఒక్కో కొసకు సంబంధించిన పేర్లన్నిటికీ ఏకైక మూల పుస్తకాన్ని నిర్వహించే సంస్థను రిజిస్ట్రీ అంటారు. డాట్ కామ్‌కు అది అమెరికాలోని వెరిసైన్ కంపెనీ, డాట్ ఇన్‌కు భారతదేశంలోని నిక్సీ. ఆ మూల పుస్తకంలో పేర్లు చేర్చే అధికారం పొంది, జనం దగ్గర డబ్బు తీసుకుని నమోదు చేసేది రిజిస్ట్రార్. ఆ రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరిచి తన పేరుతో చిల్లరగా అమ్మేవాడు రీసెల్లర్. చివరన, డబ్బు కట్టి పేరు వాడుకునే అసలు మనిషి రిజిస్ట్రెంటు, అంటే హక్కుదారు. వీరందరి మీద, డాట్ కామ్ వంటి అంతర్జాతీయ కొసల వరకు, 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నియమాలు చెల్లుతాయి. డాట్ ఇన్ వంటి దేశాల కొసలకు ఏ దేశం నియమాలు ఆ దేశానివే.

ఇందులో సామాన్యుడికి తెలియని కీలకం ఒకటి ఉంది. డాట్ కామ్ మూల పుస్తకంలో ఒక పేరు ఎదురుగా రిజిస్ట్రార్ ఎవరు, నమోదు తేదీ ఏది, గడువు తేదీ ఏది, ఆ పేరును ఏ నేమ్ సర్వర్లకు కలపాలి అన్న నాలుగైదు వివరాలే ఉంటాయి. నేమ్ సర్వర్ అంటే ఫలానా పేరు అడిగినవారికి ఫలానా కంప్యూటరు దగ్గరకు వెళ్లమని దారి చూపే యంత్రం. ఆ పేరు ఎవరిదన్న సంగతి మాత్రం మూల పుస్తకంలో ఉండదు. అది రిజిస్ట్రార్ దగ్గరున్న పుస్తకంలోనే ఉంటుంది. ఇలా పలచటి సమాచారమే ఉంచుకునే పద్ధతిని ఈ రంగంలోని వారు థిన్ రిజిస్ట్రీ అంటారు.

తెలుగు పాఠకుడికి ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ ఉన్న కాలంలో, అంటే 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా, భూమి రైతుదే, దున్నేదీ శిస్తు కట్టేదీ అతడే, అయినా ఆ భూమి అతడిదని చెప్పే అడంగలో పహాణీయో కరణం ఇంటి దస్తరంలో మూటగట్టి ఉండేది. కరణం మంచివాడైతే చిక్కు లేదు. కానివాడైతే ఒక్క కలం పోటుతో సర్వే నంబరు చేతులు మారేది. రిజిస్ట్రార్ ఇంటర్నెట్ ఊరికి కరణం. ఆ కరణం చితికిపోయి, దస్తరం ఎక్కడుందో తెలియకుండా పోతే ఊరు ఏమవుతుందో ప్రపంచం 2007లో చూసింది.

రిజిస్టర్‌ఫ్లై పతనం

అమెరికాలోని న్యూజెర్సీ కేంద్రంగా నడిచిన రిజిస్టర్‌ఫ్లై మొదట మరో పెద్ద రిజిస్ట్రార్ కింద రీసెల్లర్‌గా ఉండి, చవక ధరలతో ఖాతాదారులను పోగుచేసుకుంది. తరువాత ఐకాన్ గుర్తింపు ఉన్న ఒక చిన్న కంపెనీని చేజిక్కించుకోవడం ద్వారా 2006లో తానే రిజిస్ట్రార్ అయింది. కొత్తగా దరఖాస్తు చేసుకుంటే జరిగే పరీక్షలేవీ లేకుండా, దుకాణంతో పాటు లైసెన్సు కూడా కొనుక్కున్నట్టుగా ఆ గుర్తింపు చేతికొచ్చింది. ఆ తరువాత కొద్ది నెలలకే ఫిర్యాదులు వరద కట్టాయి.

వాటి స్వరూపం దాదాపు ఒక్కటే. చిన్న వ్యాపారి తన పేరు గడువు దగ్గరపడిందని కార్డుతో డబ్బు కడతాడు. కార్డు మీద సొమ్ము పడుతుంది, రిజిస్టర్‌ఫ్లై ఖాతాలో గడువు వచ్చే ఏడాదికి జరిగినట్టు కనిపిస్తుంది. కానీ మూల పుస్తకంలో పాత తేదీయే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి చేరవలసిన డబ్బు చేరలేదు. కొన్నాళ్లకు ఒక ఉదయం దుకాణం సైటు స్థానంలో ప్రకటనలతో నిండిన అనామక పేజీ ప్రత్యక్షమవుతుంది. ఆ పేరు మీదే నడిచే ఈమెయిలు కూడా అదే క్షణంలో ఆగిపోవడంతో, ఆర్డర్లు రావు, తిరుగు జవాబులు రావు. కంపెనీకి ఫిర్యాదు చేసినా దాని సమాధానం అందుకునే పెట్టె కూడా ఉండదు. ఫోన్ ఎత్తేవారుండరు. విసిగి, పేరును మరో రిజిస్ట్రార్ దగ్గరకు తీసుకుపోదామంటే, అందుకు కావలసిన రహస్య సంకేతం ఇవ్వరు, లేదా ఇచ్చిన సంకేతం పనిచేయదు. నిద్రలేచేసరికి కొట్టు బోర్డు ఊడిపోయి, తాళాలు మారిపోయి, పక్కింటివారికి కూడా కొట్టువాడు గుర్తు లేకుండా పోవడం ఎలాంటిదో ఊహించగలవారికే ఈ బాధ అర్థమవుతుంది.

2007 ఫిబ్రవరిలో యజమానుల మధ్య తగవు న్యూజెర్సీలోని ఫెడరల్ కోర్టుకెక్కింది. కంపెనీ సొమ్మును సొంత విలాసాలకు మళ్లించారన్న ఆరోపణలు ఆ వ్యాజ్యంలో బయటపడ్డాయి. ఐకాన్ ఫిబ్రవరి 21న ఒప్పంద ఉల్లంఘన నోటీసు ఇచ్చి, మార్చి 16న గుర్తింపు రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, మార్చి 31 నుంచి అది అమల్లోకి వస్తుందని చెప్పింది. అప్పటి ఒప్పందంలో ఐకాన్ చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. తాత్కాలికంగా నిలిపివేయడం, ఆంక్షలు పెట్టడం వంటి నడిమి మెట్లు లేవు. మందలింపుకూ ఉరికీ మధ్య మరో శిక్ష లేని న్యాయస్థానం ఎలా తటపటాయిస్తుందో, ఫిర్యాదులు వెల్లువెత్తిన నెలల్లో ఐకాన్ అలాగే తటపటాయించింది. ఆ తటపటాయింపు మూల్యం ఖాతాదారులే చెల్లించారు.

గుర్తింపు రద్దయినంత మాత్రాన సమస్య తీరలేదు, అసలు సమస్య అప్పుడే మొదలైంది. పేర్లన్నీ వెరిసైన్ మూల పుస్తకంలో భద్రంగానే ఉన్నాయి. అవి ఎవరివో చెప్పే దస్తరం మాత్రం రిజిస్టర్‌ఫ్లై దగ్గరే ఉండిపోయింది. ఇలాంటి రోజు వస్తుందని ముందే ఊహించినవారు లేకపోలేదు. రిజిస్ట్రార్లు తమ ఖాతాదారుల వివరాల ప్రతిని ఎప్పటికప్పుడు మూడో వ్యక్తి దగ్గర భద్రపరచాలన్న నిబంధన 2001 నాటి ఒప్పందంలోనే ఉంది. దీన్ని డేటా ఎస్క్రో అంటారు, పొలం కాగితాల నకలును ఊరి పెద్దమనిషి దగ్గర దాచి ఉంచడం వంటిది. అయితే ఎప్పుడు, ఏ రూపంలో, ఏ షరతులతో భద్రపరచాలో ఐకాన్ నిర్దేశిస్తుందని ఆ నిబంధనలోనే రాసుకున్నారు. ఆ నిర్దేశం ఆరేళ్లపాటు వెలువడలేదు. కాగితం మీద రక్షణ ఉండి, ఆచరణలో లేకపోవడం అసలు లేకపోవడం కన్నా హీనం; ఉందన్న ధీమాతో ఎవరూ అడగరు గదా.

చివరికి ఐకాన్ కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు వెళ్లి, ఖాతాదారుల వివరాలు అప్పగించాలంటూ ఉత్తర్వులు తెచ్చుకోవలసి వచ్చింది. మే 29న, మిగిలిన ఎనిమిది లక్షలకు పైబడిన పేర్లను మూకుమ్మడిగా గోడాడీ అనే మరో రిజిస్ట్రార్‌కు బదిలీ చేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. అప్పుడు కూడా ఒక ముడి విడిపోలేదు. తమ ఇంటి చిరునామా, ఫోను నంబరు బహిరంగంగా కనిపించకూడదని అదనపు రుసుము కట్టి గోప్యత సేవ తీసుకున్నవారి విషయంలో, ఆ దస్తరంలో హక్కుదారు పేరు ఉండవలసిన చోట ఆ సేవ నడిపే సంస్థ పేరే ఉంది. అదనంగా డబ్బు కట్టి జాగ్రత్తపడ్డవారే, ఈ పేరు మాదని నిరూపించుకోవడానికి ఎక్కువ తిప్పలు పడ్డారు.

---

అయిదుగురితో మొదలైన అంగడి

అంకెల చిరునామాలకు బదులు వాడే డొమైన్ పేర్ల వ్యవస్థను పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించారు. 1985 మార్చి 15న నమోదైన సింబాలిక్స్ డాట్ కామ్ మొట్టమొదటి డాట్ కామ్ పేరు. 1995 దాకా పేరు తీసుకోవడానికి రుసుమే లేదు. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఏకైక సంస్థ రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయసాగింది. 1999లో ఆ గుత్తాధిపత్యాన్ని తొలగించి, ప్రయోగాత్మకంగా అయిదు కంపెనీలను రిజిస్ట్రార్లుగా అనుమతించారు. రిజిస్ట్రార్‌ను మార్చుకోవడం అన్న మాటకు అర్థం ఏర్పడింది అప్పటి నుంచే. డాట్ కామ్ పేర్లు ఇప్పుడు 15 కోట్లు దాటాయి.

---

నష్టం నేర్పిన నియమాలు

నేడు డొమైన్ హక్కుదారుకు ఉన్న రక్షణల్లో చాలా భాగం ఆ 2007 నాటి శోకం నుంచి పుట్టినవే. అదే ఏడాది చివర్లో ఎస్క్రో బాధ్యత ఐరన్ మౌంటెన్ అనే సంస్థకు అప్పగించారు. నమోదుల సంఖ్యను బట్టి రిజిస్ట్రార్లు రోజూనో వారానికోసారో తమ దస్తరం ప్రతిని జమ చేయవలసి వచ్చింది. 2009లో ఆమోదం పొందిన కొత్త ఒప్పందంలో రద్దుకు ముందు వేయదగిన నడిమి శిక్షలు చేరాయి; గోప్యత సేవ వెనుక ఉన్న అసలు హక్కుదారు వివరాలను కూడా ఎస్క్రోలో ఉంచాలి, లేదా ఉంచడం లేదని ఖాతాదారుకు స్పష్టంగా చెప్పాలి అన్న షరతు కూడా వచ్చింది. 2013 నుంచి, గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి, గడువు దాటిన అయిదు రోజుల్లోగా ఇంకోసారి హక్కుదారుకు గుర్తుచేయడం రిజిస్ట్రార్ విధి అయింది.

అయితే ఈ నియమాలు దివాలా తీసిన రిజిస్ట్రార్ నుంచి పేరును కాపాడగలవే గానీ, ఇంకా బతికే ఉండి బద్ధకంగానో బుకాయింపుగానో వ్యవహరించే రిజిస్ట్రార్ నుంచి కాపాడేవి కొద్దిగానే. అలాంటి రిజిస్ట్రార్ ఎలా తయారవుతాడన్నది వ్యాపార లెక్కల్లోనే ఉంది. 2024 సెప్టెంబరు నుంచి డాట్ కామ్ పేరు ఒక్కదానికి ఏడాదికి 10.26 డాలర్లు వెరిసైన్‌కు చేరాలి; ఇది టోకు ధర, ఎవరికైనా ఒకటే. ఇంతకన్నా తక్కువకు పేరు ఇస్తామని ప్రకటించినవాడు మొదటి ఏడాది నష్టానికే ఇస్తున్నాడు, ఆ నష్టాన్ని రెండో ఏడాది నుంచి పెంచిన ధరతోనో, అడగకుండానే అంటగట్టే అదనపు సేవలతోనో రాబట్టుకుంటాడు. అది మోసం కాదు, బేరం. అసలు ప్రమాదం, ఖాతాదారులు ముందుగా కట్టిన సొమ్మును రోజువారీ ఖర్చులకు వాడుకునేవాడితో వస్తుంది. అయిదేళ్లకు వసూలు చేసి మూల పుస్తకంలో ఏడాదికే రాయించినవాడి ఖాతాలో లోటు మొదటి ఏడాదంతా, మూల పుస్తకం తెరిచి చూడనివారికి కనిపించదు. చిట్టీల కంపెనీ మునిగిన తీరు తెలిసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

తెలుగు నేల మీద ఈ సమస్య మరో రూపంలో ఎక్కువగా ఎదురవుతుంది. ఇక్కడ చాలామంది చిన్న వ్యాపారులకు తమ రిజిస్ట్రార్ ఎవరో తెలియదు. వెబ్‌సైటు చేసిచ్చిన డిజైనరే తన ఖాతాలో, తన ఈమెయిలుతో, ఒక్కోసారి తన పేరుతోనే డొమైను తీసి ఉంటాడు. పదేళ్ల తరువాత ఆ డిజైనరు ఉద్యోగంలో చేరి బెంగళూరు వెళ్లిపోయినా, బాకీ దగ్గర మాట తేడా వచ్చినా, దుకాణం పేరు అతడి ఖాతాలోనే ఉండిపోతుంది. విదేశాల్లోని సంఘాలకూ, పూర్వవిద్యార్థుల సమితులకూ ఇదే గతి. ఏనాటి కార్యదర్శో సొంత కార్డుతో, సొంత మెయిలుతో తీసిన పేరు, కార్యవర్గాలు మారినా అతడి మీదే ఉంటుంది. ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. దస్తరం ప్రకారం మాత్రం ఆ పేరు ఎవరి వివరాలతో ఉంటే వారిదే.

నాలుగు పంక్తుల అడంగల్

ఎవరి పేరు ఎక్కడుందో చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. డొమైన్ నమోదు వివరాలు చూపే సేవలు ఉచితంగా దొరుకుతాయి. దశాబ్దాలపాటు హూఈజ్ అనే పేరుతో నడిచిన ఆ పాత పద్ధతి స్థానంలో, అంతర్జాతీయ కొసలకు 2025 జనవరి నుంచి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి అధికారికమైంది. అందులో డొమైన్ పేరు కొడితే వచ్చే పేజీలో నాలుగు పంక్తులు ముఖ్యమైనవి. రిజిస్ట్రార్ అన్న పంక్తిలో కనిపించేదే అసలు కరణం పేరు. బిల్లు ఇచ్చిన కంపెనీ పేరు అక్కడ లేకపోతే, బిల్లు ఇచ్చినవాడు రీసెల్లర్ మాత్రమేనని అర్థం. గడువు తేదీ పంక్తిని, రిజిస్ట్రార్ సొంత ఖాతాలో చూపే తేదీతో పోల్చి చూడాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే అది రిజిస్టర్‌ఫ్లై నాటి లక్షణం. స్థితి అన్న పంక్తిలో 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అని ఉంటే భయపడనక్కరలేదు, అది పేరుకు వేసిన తాళం. 'రిడెంప్షన్ పీరియడ్' అని ఉంటే మాత్రం పరుగెత్తాలి, గడువు దాటిన ఆ పేరు చేజారబోతోందని అర్థం. హక్కుదారు వివరాల దగ్గర ఐరోపా గోప్యతా చట్టం అమల్లోకి వచ్చిన 2018 మే నుంచి తరచుగా ఖాళీయే కనిపిస్తుంది, అందువల్ల ఆ ఒక్క సంగతి మాత్రం ఖాతాలోకి వెళ్లి చూసుకోవలసిందే.

అక్కడ చూసుకోవలసినదాంట్లో ఈమెయిలు చిరునామా మొదటిది. దుకాణం పేరుతో ఉన్న మెయిలునే ఆ దుకాణం డొమైను నమోదుకు కూడా ఇచ్చేవారు చాలామంది. పేరు గడువు తీరితే ఆ మెయిలూ ఆగిపోతుంది, పాస్‌వర్డు మార్చుకునే లింకు ఆ ఆగిపోయిన పెట్టెలోకే వెళుతుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్టే.

తాళాలు ఎందుకు ఇన్ని

నచ్చని రిజిస్ట్రార్‌ను వదిలి వెళ్లడం ఇంత తతంగమెందుకని విసుక్కునేవారు 2005 జనవరి 15 నాటి సంగతి తెలుసుకోవాలి. 1989 నుంచి నడుస్తున్న, న్యూయార్క్ నగరపు తొలి వాణిజ్య ఇంటర్నెట్ సేవా సంస్థల్లో ఒకటైన ప్యానిక్స్ పేరు ఆ శనివారం దానికి తెలియకుండానే ఆస్ట్రేలియాలోని ఒక రిజిస్ట్రార్ దగ్గరకు తరలిపోయింది. నేమ్ సర్వర్ల వివరాలు బ్రిటన్‌కు, ఖాతాదారుల మెయిలు కెనడాకు మళ్లాయి. అవతలి రిజిస్ట్రార్ కింద ఉన్న ఒక రీసెల్లర్, అడిగినవాడు నిజంగా హక్కుదారేనా అని చూడకుండా బదిలీ చేయించడమే కారణం. ఆస్ట్రేలియాలో కార్యాలయానికి వారాంతపు సెలవు కావడంతో, సోమవారం దాకా తలుపు తట్టినా పలికేవారు లేకపోయారు. 2012 నుంచి ప్రతి రిజిస్ట్రార్ అత్యవసర బదిలీ ఫిర్యాదులకు నాలుగు గంటల్లోగా పలికే మనిషిని ఉంచాలన్న నియమం వెనుక ఇలాంటి సోమవారాల కోసం ఎదురుచూసిన అనుభవమే ఉంది.

అందుకే పేరుకు రెండు రక్షణలు పెట్టారు. ఒకటి తాళం, అది ఉన్నంతసేపు బదిలీ అభ్యర్థనను రిజిస్ట్రీయే తోసిపుచ్చుతుంది. రెండోది ఆథ్ కోడ్. ప్రతి పేరుకూ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ గుర్తులూ కలిసిన రహస్య సంకేతం. హక్కుదారు అడిగిన అయిదు రోజుల్లోగా పాత రిజిస్ట్రార్ తాళం తీయాలి, కోడు ఇవ్వాలి. ఈ రెండూ చేతికొచ్చాక, కొత్త రిజిస్ట్రార్ దగ్గర కోడు ఇచ్చి డబ్బు కడితే బదిలీ మొదలవుతుంది. రిజిస్ట్రీ నుంచి కబురు అందిన అయిదు రోజుల్లోగా పాత రిజిస్ట్రార్ న్యాయమైన అభ్యంతరం చెప్పకపోతే బదిలీ దానంతట అదే పూర్తవుతుంది. మౌనం ఇక్కడ అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారం. ఫోన్ ఎత్తని రిజిస్ట్రార్ కూడా, తాళమూ కోడూ దాటిపోయిన తరువాత ఏమీ చేయలేడు. అందువల్లే ఆ రెండింటినీ, కొట్లాట మొదలుకాకముందే, ఖాతా మామూలుగా తెరుచుకుంటున్న రోజునే తీసిపెట్టుకోవడం తెలివైన పని.

---

గడువు దాటితే

గడువు తీరిన వెంటనే డాట్ కామ్ పేరు పోదు. రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు ఉండవచ్చు, కానీ సైటు, మెయిలు ఈలోపే ఆగిపోవచ్చు. ఆ తరువాత రిజిస్ట్రార్ వదులుకున్న పేరు 30 రోజులు రిడెంప్షన్ దశలో ఉంటుంది. అప్పుడు విడిపించుకోవాలంటే మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి, పైగా పాత రిజిస్ట్రార్ ద్వారానే జరగాలి. ఆపై అయిదు రోజులు ఎవరూ తాకలేని దశ. ఆరో రోజున పేరు అంగట్లో ఉంటుంది, దాని కోసం యంత్రాలతో కాపుగాసిన బేరగాళ్లు క్షణాల్లో ఎగరేసుకుపోతారు.

---

ఇల్లు మారే వరుస

తరలింపులో దెబ్బతినేవారిలో ఎక్కువమంది పని తెలియక కాదు, వరుస తప్పి దెబ్బతింటారు. మొదటి తప్పు తొందరపాటుతో జరుగుతుంది: పాత ఈమెయిలును సరిచేద్దామని నమోదు వివరాల్లో దాన్ని మార్చగానే, దొంగతనం కాకుండా ఆపే 2016 నాటి నియమం ప్రకారం ఆ పేరు 60 రోజులు కదలకుండా బిగుసుకుపోవచ్చు. మార్చే ముందే ఆ బిగింపు వద్దని చెప్పుకునే అవకాశాన్ని కొందరు రిజిస్ట్రార్లు ఇస్తారు. ఆ చిన్న గడి ఉందో లేదో చూడకుండా వివరాలను ముట్టుకోకూడదు. కొత్తగా తీసుకున్న పేరుకూ, అప్పుడే ఒకసారి బదిలీ అయిన పేరుకూ కూడా ఈ 60 రోజుల నిలుపుదల ఉంటుంది.

రెండో తప్పు ఇంతకన్నా ఖరీదైనది. రిజిస్ట్రార్ మారడం వేరు, నేమ్ సర్వర్ మారడం వేరు. మొదటిది కౌలు పుస్తకంలో కరణం మారడమైతే, రెండోది ఇంటికి దారి చూపే రాతిపలక మారడం. చాలామంది పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్ సర్వర్లనే వాడుతుంటారు. పేరు బదిలీ అయిపోయిన మరునాడో వారానికో, ఖాతాదారుడు వెళ్లిపోయాడని పాతవాడు ఆ సర్వర్లలోని వివరాలు తుడిచేస్తే, బదిలీ సవ్యంగా జరిగి కూడా సైటు చీకటవుతుంది. కాబట్టి ముందు మార్చవలసింది నేమ్ సర్వర్లనే. పాత చోట ఉన్న ప్రతి పంక్తినీ, ముఖ్యంగా మెయిలుకు దారి చూపే ఎమ్‌ఎక్స్ పంక్తినీ, ఆ మెయిలు నకిలీది కాదని రుజువు చేసే టెక్స్ట్ పంక్తులనూ అక్షరం పొల్లుపోకుండా కొత్త చోట దింపి, ఇతర కంప్యూటర్లు ఆ వివరాలను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ అంకెను ముందు రోజే 300 సెకన్లకు తగ్గించి, అప్పుడు పలక తిప్పాలి. పేరుకు డీఎన్‌ఎస్‌సెక్ అనే సంతకపు ముద్ర వేసి ఉంటే దాన్ని ముందుగా తీసేయాలి. లేకపోతే పాత ముద్రతో కొత్త సర్వర్లు పొసగక సైటు చాలామందికి తెరుచుకోదు. రెండు మూడు రోజులు మెయిలు వచ్చేదీ వెళ్లేదీ గమనించి, అంతా కుదురుగా ఉందని తేలాకే తాళం తీయించి కోడు అడగాలి.

కోడు చేతికొచ్చాక కూడా ఒక చిల్లర చిక్కు కాచుకుని ఉంటుంది. అందులోని చిన్న ఎల్ అక్షరం ఒకటి అంకెలా, ఓ అక్షరం సున్నాలా కనిపిస్తాయి. మెయిలు నుంచి కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ గడి అంటుకుని వస్తుంది. కోడు తప్పన్న జవాబు రాగానే పాత రిజిస్ట్రార్ మోసం చేశాడని మండిపడేవారిలో కొందరికి అసలు దోషం ఆ ఖాళీ గడిదే.

కట్టిన డబ్బు పోతుందన్న భయంతో గడువు చివరిదాకా ఆగేవారూ ఉన్నారు. నిజానికి డాట్ కామ్ వంటి పేర్లను బదిలీ చేసినప్పుడు మిగిలిన కాలం పోదు, దాని మీద మరో ఏడాది చేరుతుంది, మొత్తం పదేళ్లు దాటనంతవరకు. గడువుకు రెండు మూడు నెలల ముందే కదలడంలో నష్టం లేదు. గడువు దాటాక కదలడంలోనే ఉంది.

కాదనే హక్కు ఎంతవరకు

పాత రిజిస్ట్రార్ బదిలీని నిరాకరించగల సందర్భాలు కొన్ని ఉన్నాయి: మోసం జరిగిందన్న ఆధారం, హక్కుదారు ఎవరన్న దానిపై న్యాయమైన సందేహం, కోర్టు ఉత్తర్వు, గడిచిన నమోదు కాలానికి చెల్లించని బాకీ. రాబోయే ఏడాది రుసుము కట్టలేదన్న సాకు చెల్లదు. హోస్టింగు బిల్లు మీద తగవుందన్న సాకు కూడా చెల్లదు, ఎందుకంటే హోస్టింగు, అంటే సైటును ఉంచే స్థలం అద్దె, వేరే లావాదేవీ. ఇల్లు ఖాళీ చేసినవాడి బకాయి కోసం అతడి పొలం పట్టా పట్టుకుని కూర్చోలేరు గదా. అయిదు రోజులు దాటినా కోడు ఇవ్వని రిజిస్ట్రార్ మీద అంతర్జాతీయ కొసల విషయంలో ఐకాన్ ఫిర్యాదుల విభాగానికి నేరుగా, ఉచితంగా రాయవచ్చు. డాట్ ఇన్ పేర్లకు ఆ దారి నిక్సీ వైపు ఉంటుంది. రీసెల్లర్ మాయమైతే, వివరాల పేజీలో రిజిస్ట్రార్ పంక్తిలో కనిపించిన కంపెనీనే అడగాలి. కింద ఎవరు అమ్మినా ఒప్పందం ప్రకారం జవాబుదారీ దానిదే. బిల్లులు, కార్డు రశీదులు, గడువు గుర్తుచేస్తూ వచ్చిన పాత మెయిళ్లు ఒక చోట దాచి ఉంచినవారికి ఈ ఫిర్యాదు పది నిమిషాల పని, దాచనివారికి పది వారాల పని.

అంతా సవ్యంగా జరిగినప్పుడు, తరలింపు పూర్తయిన రాత్రి చూడడానికి ఏమీ ఉండదు. దుకాణం సైటు ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, తెల్లవారుజామున ఏదో దేశం నుంచి వచ్చిన ఆర్డరు ఎప్పటి పెట్టెలోనే పడుతుంది. మూల పుస్తకం తెరిచి చూస్తే మాత్రం రిజిస్ట్రార్ అన్న పంక్తిలో ఒక పేరు పోయి మరో పేరు కూర్చుని ఉంటుంది, నాలుగు పంక్తుల కింద గడువు తేదీలో ఏడాది అంకె ఒకటి పెరిగి ఉంటుంది.